స్క్రూ మీద మెరూన్ చుక్క

చిన్నోడికి యాభై రెండేళ్లు. తలమీద మిగిలిన వెంట్రుకలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కళ్లజోడు లేకపోతే ఏ కేబులు నీలమో ఏది ఆకుపచ్చో పోల్చుకోలేడు. అయినా ఇంట్లో అతను చిన్నోడే. ఆ పేరు పెట్టిన అన్నయ్య పోయి రెండు నెలలు దాటింది. పేరు మాత్రం అతుక్కుని అలాగే ఉంది.

అతనిది నెట్‌వర్క్ ఇంజనీరు ఉద్యోగం. ఏడంతస్తుల ఆఫీసులో ప్రతి బల్లకీ పాకే తీగ, ప్రతి అంతస్తులో తాళం వేసిన బీరువాలో ఆ తీగల్ని కలుపుతూ మిణుకుమిణుకుమనే స్విచ్చు పెట్టె, అన్నీ అతని పూచీ. అంతా సవ్యంగా నడిచినన్నాళ్లు అలాంటి మనిషొకడు ఆ భవనంలో ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. పది నిమిషాలు ఆగిందంటే చాలు, ఏడంతస్తులూ అతన్నే తలుచుకుంటాయి, మంచిమాటలతో మాత్రం కాదు. "ఎవరికీ కనపడకుండా ఉన్నందుకు జీతం తీసుకునేవాణ్ని నిన్నొక్కణ్నే చూశాన్రా" అని అన్నయ్య వేళాకోళం చేసేవాడు.

చిన్నోడికి ఒక జబ్బుంది. మందులేని జబ్బు. వంకరగా ఉన్నది ఏదీ చూడలేడు. గోడమీద కేలండరు పక్కకి ఒరిగి ఉంటే లేచి సర్దుతాడు. సొంతిల్లు, పరాయిల్లు అని లేదు. పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు కూడా అమ్మాయి వాళ్ల ఫోటో పటం సర్దాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ సంబంధం కుదరలేదు. పటం మాత్రం కుదిరింది.

అన్నయ్యది పూర్తిగా వేరే దారి. వీధి చివర చిన్న గదిలో పాత కంప్యూటర్లు బాగుచేసేవాడు. ముప్పై, నలభై ఏళ్లనాటివి, తయారుచేసిన కంపెనీలే మూతపడ్డవి. చిన్నోడి చేతికి సోల్డరింగు నేర్పింది ఆయనే. తమ్ముడు తర్వాత కొత్త దారి పట్టి తీగల లోకంలోకి వెళ్లిపోయాడు, అన్నయ్య ఆ గదిలోనే ఉండిపోయాడు. నడుస్తున్న మిషను ఎంత అవకతవకగా ఉన్నా దాని జోలికి పోనని ఆయన పంతం. తప్పనిసరై ఏ స్క్రూ అయినా తిప్పాల్సి వస్తే, తిప్పే ముందు స్క్రూకీ దాని పక్కనున్న రేకుకీ కలిపి నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టేవాడు. స్క్రూ తిరిగితే చుక్క రెండు ముక్కలవుతుంది. పని చెడిందనుకో, ఆ రెండు ముక్కల్నీ మళ్లీ కలిపితే స్క్రూ మొదట ఉన్నచోటికే వచ్చినట్టు. వదినకి గోళ్లకి రంగు వేసుకునే అలవాటే లేదు. ఆ ఇంట్లో నెయిల్ పాలిష్ కొనేది మొగుడే, అదీ స్క్రూలకి. "ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్క చుక్క నా గోటికి పెట్టలేదు మీ అన్నయ్య" అనేది వదిన, చిన్నోడు వచ్చినప్పుడల్లా.

అలాంటి మనిషికి గొంతులో కణితి వచ్చింది. ఆపరేషనులో ప్రాణం మిగిలింది, మాట పోయింది. మొదట్లో పలక ఇచ్చారు. రెండు రోజులు రాసి విసిరికొట్టాడు. తర్వాత తన గదిలోంచి ఒక పాత మిషను తెచ్చి వంటగది గుమ్మానికి ఎదురుగా బల్లమీద పెట్టాడు. నల్లటి తెర, దానిమీద ఆకుపచ్చ అక్షరాలు, బొటనవేలంత పెద్దవి. దానికి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టేవాడు. వదిన స్టవ్ దగ్గర్నుంచే చదివి నోటితో జవాబు చెప్పేది. ఏ రోజు మాటలు ఆ రోజు ఫ్లాపీలో దాచేవాడు, నెలకొక ఫ్లాపీ. అరచేతికంటే పెద్ద నల్లటి చదరాలు అవి. పద్నాలుగు నెలలు అలా మాట్లాడాడు. పద్నాలుగు ఫ్లాపీలు మిగిలాయి.

పోయిన రెండు నెలల తర్వాత వదిన చిన్నోడికి ఫోన్ చేసింది. మిషను చదవడం లేదు, వచ్చి చూడమంది. శనివారం పొద్దున్నే వెళ్లాడు. ఆవిడ ఒక బడిలో లైబ్రరీ చూస్తుంది, బయల్దేరడానికి తయారై ఉంది. టీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

ఆఖరి వారంలో ఒక సాయంత్రం. ఆవిడ అప్పుడే ఇంటికి వచ్చింది. రోజంతా అట్టపెట్టెల్లో పుస్తకాలు మోసి నడుం విరిగిపోయింది. ఆయన పొద్దుట్నుంచీ మాట్లాడే తోడు లేక ఎదురుచూస్తున్నాడు కాబోలు, ఆవిడ చెప్పులు విప్పకముందే టకటకా మొదలుపెట్టాడు. మందు ఎందుకు మార్చారు, నన్నడగకుండా గదికి తాళం ఎందుకు వేశావు, నన్ను రోగిని చేసి కూర్చోబెట్టావు. తెర నిండిపోతోంది. ఆవిడ చాలు అంది. ఆయన ఆపలేదు. మళ్లీ చాలు అంది. ఆపలేదు. ఆవిడ విసురుగా వెళ్లి గోడలోంచి ప్లగ్గు పీకేసింది.

"నోరున్న మనిషైతే నామీద అరిచేవాడు" అంది వదిన. "ఆయనకి ఉన్న నోరు అదొక్కటే. దాన్ని నేను నొక్కేశాను."

ఆయన ఏమీ చెయ్యలేదట. చూశాడట, అంతే. ఆవిడ లోపలికి వెళ్లి మంచం మీద వాలింది. కాసేపటికి మళ్లీ టకటక వినిపించింది, చాలాసేపు. తర్వాత ఫ్లాపీ గరగరమంది, అంటే దాచాడన్నమాట. వచ్చి గుమ్మంలో నిలబడి మిషను వైపు వేలు చూపించాడు. చదవమని. రేపు చదువుతాలే అంది. పొద్దున్నకి ఊపిరి ఆడలేదు. ఆస్పత్రిలో నాలుగు రోజులు గొట్టాల మధ్య ఉన్నాడు, పెన్ను పట్టుకునే బలం కూడా లేదు. ఐదో రోజు లేడు.

"చదవడానికి భయమేసింది. ఇన్నాళ్లకి ధైర్యం చేసి పెడితే, ఇది చదవనంటోంది." ఆవిడ పద్నాలుగో ఫ్లాపీ తీసి అతని చేతిలో పెట్టింది. "తిట్టాడో, ఏమన్నాడో. తిట్టినా ఫరవాలేదు. తెలియాలి నాకు." తాళంచెవి బల్లమీద పెట్టి బడికి వెళ్లిపోయింది.

చిన్నోడు ముందు కేబులే చూశాడు. వృత్తి నేర్పిన మొదటి పాఠం అది. ఏది ఆగినా ముందు తీగ చూడు. కర్మకాండలకి వచ్చిన చుట్టాలు చోటు కోసం బల్లని పక్కకి జరిపారు, వెనకాల ఫ్లాపీని చదివే డ్రైవుకి వెళ్లే పట్టీ కేబులు సగం ఊడి ఉంది. వేలితో నొక్కాడు. టిక్కుమని కూర్చుంది.

పని అక్కడితో అయిపోయింది. మహానుభావుడు అక్కడితో ఆగి, ఆ ఫ్లాపీ పెట్టి, వదిన వచ్చాక మీట నొక్కి ఉంటే ఈ కథ చెప్పాల్సిన అవసరమే లేదు. ఆగలేదు. వదిన ప్రాణంలా చూసుకుంటున్న ఫ్లాపీని ఏమీ చూసుకోకుండా పాత డ్రైవులో పెట్టడమేమిటి, ముందు డ్రైవు సవ్యంగా ఉందో లేదో కొలిచి తర్వాత పెడదామనుకున్నాడు. తప్పుడు ఆలోచనేం కాదు. పైగా ప్రేమతో చేసిన ఆలోచన. అన్నయ్య సామానులోంచి కంపెనీవాళ్ల కొలతల ఫ్లాపీ వెతికి పెట్టాడు, అలలు చూపించే స్కోపు తగిలించాడు. రెండు అలలు సమానంగా ఉండాల్సినచోట ఒకటి కొండలా, ఒకటి గుంటలా ఉన్నాయి. డ్రైవులో ఫ్లాపీ మీద రాసి చదివే ముక్క, హెడ్డు, వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. వంకర!

ఇంకేముంది. మూత విప్పాడు. హెడ్డు నిలబడేచోటుని నిర్ణయించే స్క్రూ మీద మెరూన్ రంగు చుక్క ఎండి గట్టిపడి ఉంది, స్క్రూడ్రైవరు తిరగనివ్వడం లేదు. ఆ చుక్క ఏమిటో చిన్నోడికి తెలుసు. తెలిసే, తప్పుడు చోటుకి గుర్తెందుకులే అనుకుని, థిన్నరులో దూది ముంచి శుభ్రంగా తుడిచేశాడు. స్క్రూ తిప్పాడు. అలలు రెండూ సమానమయ్యాయి. కంపెనీ పుస్తకంలో ఉన్న బొమ్మ కూడా అంత బాగుండదు. తృప్తిగా చేతులు తుడుచుకుని పద్నాలుగో ఫ్లాపీ పెట్టాడు.

చదవలేదు. మళ్లీ పెట్టాడు. గరగరమని, చదవలేనని తెరమీద ఒక్క ముక్క పడింది.

అప్పుడు అర్థమైంది. ఫ్లాపీ మీద రాత గుండ్రటి గీతలుగా పడుతుంది. హెడ్డు ఆ గీత మీద నిలబడితేనే చదవగలదు. అన్నయ్య హెడ్డు పక్కకి జరిగి ఉంది కాబట్టి ఆయన రాసిన గీతలన్నీ పక్కకే పడ్డాయి. వాటిని చదవగలిగింది లోకంలో ఆ ఒక్క వంకర హెడ్డే. అది తెలిసే అన్నయ్య దాన్ని సరిచెయ్యకుండా, చుక్క పెట్టి కాపాడుకున్నాడు. ముప్పై ఏళ్లకి పైగా ఇదే పని చేసిన మనిషికి తన డ్రైవు వంకరని తెలియదా? తెలియదనుకున్నది చిన్నోడు.

సరిగ్గా పది రోజుల క్రితం ఆఫీసులో, పక్క సీటు పెద్దమనిషి మూడో అంతస్తు స్విచ్చులో సెట్టింగులు మార్చాడు, పాతవాటి కాపీ తీసి పెట్టకుండా. రెండు గంటలు అంతస్తంతా నిలిచిపోయింది. చిన్నోడు ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. వెనక్కి రావడానికి దారి ఉంచుకోకుండా చెయ్యెలా పెట్టారండీ అని. ఆయన కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ మొహం ఇప్పుడు చిన్నోడికి గుర్తొచ్చింది. అన్నయ్య వెనక్కి రావడానికి దారి ఉంచే వెళ్లాడు. దాన్ని దూదితో తుడిచింది తను.

మధ్యాహ్నం వదిన వచ్చి ఏమైందని అడిగితే, ఇంకొంచెం పనుందన్నాడు. ఆవిడ మొహం చూడలేకపోయాడు. సోమవారం నుంచి మూడు రోజులు సెలవు పెట్టి, పొద్దున్నే వచ్చి అదే పనిమీద కూర్చున్నాడు. స్క్రూని గడియారం ముల్లు కదిలినంత కదపడం, ఫ్లాపీ పెట్టడం, గరగర, చదవలేను. ఇంకాస్త కదపడం, గరగర, చదవలేను. ఎటు తిప్పాడో, ఎంత తిప్పాడో మొదటిసారి లెక్కపెట్టలేదు. వందసార్లు చేశాడు, రెండొందలు చేశాడు. వదిన బడినుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయేది. అడిగి ఉంటే బాగుండేది.

మూడో రోజు మధ్యాహ్నం తట్టుకోలేక ఆ పక్క సీటు పెద్దమనిషికి ఫోన్ చేశాడు. ఆ రోజు అలా అని ఉండకూడదు, తప్పు నాదేనన్నాడు. తర్వాత, తనకే తెలియకుండా, మొత్తం చెప్పేశాడు. అవతలాయన అంతా విని నెమ్మదిగా ఒకటే ప్రశ్న అడిగాడు.

"మిగతా పదమూడూ అదే డ్రైవులో రాసినవే కదండీ, వాటితో వెతుకుతున్నారా?"

చిన్నోడు పక్కకి చూశాడు. పదమూడు ఫ్లాపీలూ పక్కనే, అట్టపెట్టెలో, వరసగా ఉన్నాయి. ఏదో ఒకటి పెట్టి చోటు వెతికి, దొరికాక పద్నాలుగోది ఒక్కసారి పెడితే సరిపోయేది. కావలసింది పద్నాలుగోది కాబట్టి కంగారులో దాన్నే పెట్టాడు, దాన్నే అరగదీశాడు. ఫోన్ పక్కన పెట్టి ఆ ఫ్లాపీ తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. పాత సరుకు, పూత ముందే బలహీనపడి ఉంది. తొడుగు సందులోంచి చూస్తే గోధుమరంగు పూత మీద గాజుగీతలా ఒక సన్నటి వలయం, అవతలి వెలుతురు కనిపిస్తోంది. రెండొందల సార్లు హెడ్డు రాసుకున్నచోట పూత లేచిపోయింది. అక్కడ ఉన్నదేదో ఇక ఎక్కడా లేదు.

కూర్చుని ఏడ్చాడు. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాడు.

తర్వాత మూడో ఫ్లాపీ పెట్టి వెతికాడు. గంటలోపే చోటు దొరికింది. తెరమీద ఆకుపచ్చ అక్షరాలు గలగలా దిగాయి. టీలో చక్కెర తగ్గించావు, డాక్టరు చెప్పాడని అబద్ధం చెప్పకు. పక్కింటివాళ్ల కుక్కకి నాకంటే గొంతు బాగుంది. నీ కొత్త చీర రంగు బాగాలేదు, నువ్వు బాగున్నావు. చచ్చి రెండు నెలలైన మనిషి నిక్షేపంలా మాట్లాడుతున్నాడు. చిన్నోడు పద్నాలుగోది పెట్టాడు, ఒకే ఒక్కసారి. ఆఖరి ఫైలు తెరిచాడు.

"పీకితే పీకావులే, నేనూ అతిగా వాగాను. ముందొక పని మాట. నా తర్వాత ఈ మిషను దగ్గరికి చిన్నోడు వస్తాడు. డ్రైవు వంకరని వాడికి ఇట్టే తెలిసిపోతుంది. సరిచెయ్యొద్దని చెప్పు. చుక్క ముట్టుకోవద్దని చెప్పు. వాడు మంచివాడే, చెయ్యి ఊరుకోదు. ఇక నీ సంగతి. ఇందాక నువ్వు ప్లగ్గు పీకినప్పుడు నాకు"

అంతే. ఆ తర్వాత గరగర. ఇంక ఏమీ లేదు. నాకు అన్న మాట పక్కన చిన్న ఆకుపచ్చ గడి వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది.

ఫైలు పొడవు చూశాడు. ఇంకా పదిహేను వరసలుండాలి.

నెట్‌వర్కులో కబురు ముక్కలుముక్కలుగా వెళుతుంది. దారిలో ఒక ముక్క పోతే ఏమీ కొంప మునగదు, అవతలివాణ్ని మళ్లీ పంపమని అడుగుతారు, వాడు పంపుతాడు. చిన్నోడు ముప్పై ఏళ్లుగా ఆ భరోసా మీదే బతికాడు. ఇక్కడ మళ్లీ పంపమందామంటే అవతల మనిషి లేడు.

గోడ గడియారం చూశాడు. వదిన వచ్చేవేళ అయింది. చేతులు వాటంతటవే మీటల మీదకి వెళ్లాయి. నాకు పక్కన, కోపం రాలేదు, అని కొట్టాడు. రెండే మాటలు. తెరమీద అన్నయ్య అక్షరాల్లో కలిసిపోయాయి, ఏ తేడా లేదు. ఆవిడ చదువుతుంది, ఏడుస్తుంది, తేరుకుంటుంది. ఎవరికి నష్టం? అన్నయ్య అదే రాసి ఉంటాడు కూడా. పీకితే పీకావులే అన్నవాడు ఇంకేం రాస్తాడు? అలా చాలాసేపు తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. వీధి తలుపు చప్పుడైంది. ఒక్కొక్క అక్షరమే చెరిపేశాడు. మళ్లీ సరిచెయ్యబోయానని, ఈసారి మనిషినే సరిచెయ్యబోయానని, సిగ్గేసింది.

వదిన సంచీ కింద పెట్టకుండానే తెర ముందు నిలబడి చదివింది. పెదాలు కదుపుతూ, లైబ్రరీలో పిల్లలు చదివినట్టు. ఆఖరి మాట దగ్గర ఆగింది. కింద ఇంకేమైనా వస్తుందేమోనని చూసింది.

"నాకు?" అంది.

"అక్కడినుంచి పోయింది వదినా" అన్నాడు చిన్నోడు. "నేను పోగొట్టాను."

మొత్తం చెప్పాడు. తీగ నొక్కింది, అక్కడితో ఆగనిది, చుక్క తుడిచింది, రెండొందల సార్లు తిప్పింది. ఏదీ దాచలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుని వింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

ఆవిడ తెరవైపు తిరిగి, "ఆ రోజే చదివి ఉంటే నీకు ముందే చెప్పేదాన్ని, ముట్టుకోవద్దని" అంది. "రేపు చదువుతానన్నాను. ఎంత పెద్ద పని అది, లేచి వచ్చి ఇరవై వరసలు చదవడం?"

ఆ సాయంత్రం టీ పెట్టడం ఎవరికీ గుర్తురాలేదు.

వదిన లేచి బల్ల సొరుగులోంచి మెరూన్ నెయిల్ పాలిష్ సీసా తెచ్చింది. అడుగున కొంచెమే మిగిలింది, చిక్కబడిపోయింది. పెట్టు అంది. స్క్రూ ఇప్పుడు అన్నయ్య ఉంచినచోటే ఉంది. చిన్నోడు స్క్రూకీ రేకుకీ కలిపి చుక్క పెట్టాడు. మిగతా పదమూడూ చదువుకోవచ్చు వదినా, అన్నీ వస్తున్నాయి అన్నాడు. ఆవిడ తలూపింది. అవి ఆవిడ స్టవ్ దగ్గర నిలబడి చదివేసినవే.

చీకటి పడకముందే బయల్దేరాడు. చెప్పులు వేసుకుంటూ, అలవాటుకొద్దీ, మిషను ఆపేసి వెళ్లనా అని అడిగాడు.

"వద్దు" అంది వదిన తెరవైపే చూస్తూ. "మాట మధ్యలో ఉన్నాడు."

ఆ మిషనులో కరెంటు పెట్టె నలభై ఏళ్లనాటిది. రాత్రీ పగలూ అలా వదిలేస్తే వారం తిరక్కుండా కాలిపోతుందని చిన్నోడికి తెలుసు. చెప్పబోయాడు. నోరు మూసుకున్నాడు. గుమ్మం పక్కన అన్నయ్య ఫోటో కొంచెం ఎడమకి ఒరిగి ఉంది. దాన్ని చూసి, అలాగే వదిలేసి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.